పదో తరగతితో ఆట ఆపించకండి: నల్లగొండ, పాలమూరు అధికారులకు ఒక పీఈటీ బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల యువజన క్రీడల అధికారులకు, జిల్లా విద్యాధికారులకు, గురుకుల సొసైటీల పెద్దలకు,

నమస్కారం.

2025 సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో మహిళల రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. రగ్బీ అంటే కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తి, ఎదుటి జట్టు గీత దాటించే ఆట. ఇంగ్లండ్ 33-13 తేడాతో కెనడాను ఓడించింది. ఆ మ్యాచ్ చూడటానికి 81,885 మంది వచ్చారు. ఆడవాళ్ళ రగ్బీ మ్యాచ్‌కు అంత జనం అంతకుముందు ఎన్నడూ రాలేదు.

దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసే నాకు ఆ ఫైనల్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. అక్కడ ఆడిన పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాళ్ళను ఏదో ఒక బడిలో ఎవరో ఒక పీఈటీ గుర్తుపట్టింది. బడి అయిపోయాక వాళ్ళకు ఆడుకోవడానికి ఇంకో చోటు దొరికింది. మా పిల్లలకు మొదటిది అరకొరగా దొరుకుతోంది, రెండోది అసలే దొరకడం లేదు. మా ఆడపిల్లలకు రగ్బీ నేర్పించమని, పదో తరగతి తర్వాత కూడా ఆడుకునే చోటు ఇవ్వమని అడగడానికే ఈ లేఖ.

మ్యాగీ అల్ఫాన్సీ అని ఇంగ్లండ్‌కు ఆడిన ఒకామె ఉంది. 1983లో లండన్‌లో, నైజీరియా మూలాలున్న ఇంట్లో పుట్టింది. పుట్టుకతోనే ఆమె పాదం వంకర. డాక్టర్లు దాన్ని క్లబ్‌ఫుట్ అంటారు. పాదం లోపలికి తిరిగిపోయి ఉంటుంది, చిన్నప్పుడే చికిత్స చేయించకపోతే నడవడమే కష్టం. తల్లి ఒక్కతే రెక్కలు ముక్కలు చేసుకుని పెంచింది. ఉత్తర లండన్‌లో ప్రభుత్వం కట్టించిన అద్దె ఇళ్ళ కాలనీలో పెరిగింది. అలాంటి పిల్ల రగ్బీ ఆడుతుందని ఎవరైనా అనుకుంటారా? ఆమె చదివిన బడిలో లిజా బర్జెస్ అని ఒక పీఈటీ ఉండేది. ఆమె అనుకుంది.

ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. లిజా బర్జెస్ మామూలు పీఈటీ కాదు. వేల్స్ మహిళల జట్టుకు కెప్టెన్‌గా ఆడిన మనిషి. అంటే దేశానికి ఆడే క్రీడాకారిణి పగలంతా బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతోంది. ఆమె కళ్ళకు ఈ పిల్ల కాలు కాదు, ఆ పిల్లలోని దూకుడు కనపడింది. బంతి చేతిలో పెట్టింది. అల్ఫాన్సీ తర్వాత సారసెన్స్ అనే క్లబ్బులో చేరి, 2003లో ఇంగ్లండ్ జట్టులోకి వచ్చింది. దేశం తరఫున 74 మ్యాచ్‌లు ఆడి 28 ట్రైలు చేసింది. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని ట్రై అంటారు, ఐదు పాయింట్లు వస్తాయి. ఆమె ఆడిన స్థానం పేరు ఫ్లాంకర్. బంతి ఎక్కడుంటే అక్కడికి అందరికంటే ముందు చేరి, ఎదుటివాళ్ళను పడగొట్టి, లేచి మళ్ళీ పరుగెత్తడమే ఫ్లాంకర్ పని. ఎనభై నిమిషాలూ అదే పని. అలుపెరగకుండా ఆ పని చేసేది కాబట్టే అక్కడివాళ్ళు ఆమెను ‘మ్యాగీ ద మెషీన్’ అన్నారు.

అంత ఆడినా కప్పు అంత తేలిగ్గా రాలేదు. 2006 ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓడారు. 2010లో సొంతగడ్డ మీద, లండన్‌లోనే, మళ్ళీ అదే జట్టు చేతిలో 13-10తో ఓడారు. మూడంటే మూడే పాయింట్లు. 2014లో పారిస్‌లో కెనడాను 21-9తో ఓడించి కప్పు ఎత్తారు. జట్టులోకి వచ్చిన పదకొండేళ్ళకు! ఆ తర్వాత ఆట మానేసి టీవీలో మ్యాచ్‌ల విశ్లేషణకు వెళ్ళింది. 2016లో ప్రపంచ రగ్బీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేరింది.

వంకర పాదం అన్న మాట మన జిల్లాలో ఊరికే వినపడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాళ్ళం మనం. నడిచే కాలు ఎంత విలువైనదో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పరుగెత్తగల పిల్ల మన ఊళ్ళో ఉంటే ఆమెను ఇంకెంత అపురూపంగా చూసుకోవాలి?

ఇంగ్లండ్‌లో కూడా ఆడవాళ్ళ ఆటకు మొదటినుంచీ డబ్బులు కురవలేదు. ఇది మీరు ముఖ్యంగా గమనించాలి, ఎందుకంటే ‘అక్కడ డబ్బుంది, ఇక్కడ లేదు’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. 2014లో కప్పు గెలిచిన జట్టు కెప్టెన్ కేటీ మెక్లీన్ ప్రైమరీ స్కూల్ టీచర్. ముందు వరుసలో ఆడిన సోఫీ హెమింగ్ పశువుల డాక్టర్. ఉద్యోగాలు చేసుకుంటూనే ఆడి ప్రపంచాన్ని గెలిచారు. తర్వాత కొందరికి కాంట్రాక్టులు ఇచ్చారు. 2017 ప్రపంచ కప్ అయిపోగానే పదిహేను మంది ఆడే జట్టుకు వాటిని కొనసాగించలేదు. ఫైనల్ దాకా వెళ్ళిన ఆడపిల్లలకు జీతం ఆపేశారని దేశమంతా గోల అయింది. 2019 జనవరిలో 28 మందికి పూర్తికాలపు కాంట్రాక్టులు ఇచ్చాకగానీ అక్కడ ఆట ఒక ఉద్యోగం కాలేదు.

ఎమిలీ స్కారట్ కెరీర్ చూస్తే ఈ మార్పు మొత్తం ఒక్క మనిషి జీవితంలో కనపడుతుంది. 2008లో జట్టులోకి వచ్చింది. 2014 ఫైనల్లో జట్టు చేసిన 21 పాయింట్లలో 16 ఆమెవే. మధ్యలో మెడకు ఆపరేషన్ అయి చాలాకాలం ఆటకు దూరమైంది. అయినా తిరిగొచ్చింది. ఐదు ప్రపంచ కప్‌లు ఆడి, 119 మ్యాచ్‌లలో 754 పాయింట్లు చేసి, 2025లో కప్పు గెలిచిన జట్టులో ఉండి, ఆ తర్వాత ఆటకు సెలవు చెప్పి కోచింగ్ వైపు వెళ్ళింది. పదిహేడేళ్ళ కెరీర్ అది. డబ్బు లేని రోజుల్లో మొదలై డబ్బు వచ్చిన రోజుల దాకా నడిచింది. జీతం లేనప్పుడు కూడా వాళ్ళ చేయి వదలనిది రెండే రెండు: ఆడటానికి ఒక క్లబ్బు, వారం వారం ఒక మ్యాచ్.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మా స్కూల్లో కబడ్డీ, ఖోఖో ఆడే ఆడపిల్లల్లో చాలామంది తండాల నుంచి వస్తారు. కాళ్ళలో బలం ఉంటుంది, ఊపిరి ఉంటుంది, కింద పడితే ఏడవరు. మండల స్థాయి గెలుస్తారు, జిల్లా స్థాయికి వెళ్తారు, ఒకరిద్దరు రాష్ట్రం దాకా వెళ్తారు. స్టీలు గ్లాసో, సర్టిఫికెట్టో తెచ్చుకుంటారు. పదో తరగతి పరీక్షలు రాస్తారు. అంతే. మళ్ళీ గ్రౌండులో కనపడరు.

ఎక్కడికి పోతున్నారు? కొందరు ఇంటర్‌కు టౌనుకు వెళ్తారు. అక్కడ కాలేజీలో ఆడించే మనిషి ఉండడు. ఉన్నా సాయంత్రం ఐదు తర్వాత ఊరికి బస్సు ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో టికెట్టు లేదు, సంతోషమే. కానీ ప్రాక్టీసు అయ్యే టైముకు బస్సే లేకపోతే టికెట్టు లేకపోవడం వల్ల లాభమేముంది? కొందరు పత్తి ఏరే రోజుల్లో చేనుకు పోయి మళ్ళీ చదువు ముఖం చూడరు. పాలమూరు వైపు అయితే తల్లిదండ్రులు బొంబాయికో పూణేకో వలస పోతే, చిన్నవాళ్ళను చూసుకోవడానికి పెద్ద పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఇంకొందరికి పెళ్ళి చేసేస్తారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. నా దగ్గర ఆడిన పిల్లలు ఆ లెక్కలో ఉన్నారు. సంతలో చంకన బిడ్డతో కనపడి ‘మేడం, ఇప్పుడు టీమ్ ఎట్లున్నది?’ అని అడుగుతారు. వాళ్ళు అడిగేది అప్పటి తమ ఆట గురించేనని నాకు తెలుసు.

వాళ్ళ కెరీర్ మొదలవకముందే అయిపోతోంది. ఇంగ్లండ్ అమ్మాయి పంతొమ్మిదేళ్ళకు దేశానికి ఆడుతోంది, మన అమ్మాయి పదహారేళ్ళకు ఆట మానేస్తోంది. తేడా ఒంట్లో లేదు. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

రగ్బీయే ఎందుకు, ఉన్న కబడ్డీ చాలదా అని మీరు అడుగుతారు. కబడ్డీ ఉండాలి, అది మన ఆట. కానీ కబడ్డీ నేర్చిన పిల్లకు రగ్బీ సగం వచ్చినట్టే. నేను ఆన్‌లైన్లో రగ్బీ బంతి తెప్పించి మా కబడ్డీ పిల్లలతోనే మొదలుపెట్టాను. ముందు టాకిల్ లేకుండా, అంటే బంతి పట్టుకున్న మనిషిని పట్టి పడగొట్టడం లేకుండా, ట్యాగ్ రగ్బీ. పాత చున్నీలు పీలికలుగా చింపి నడుముకు రెండు పక్కలా దోపుతాం. బంతి పట్టుకున్న పిల్ల నడుము నుంచి ఆ పీలిక లాగేస్తే ఆమెను పట్టుకున్నట్టు లెక్క.

మొదటి సాయంత్రాలు చూడాలి. గుండ్రని బంతి నేలకు తగిలితే ఎటు లేస్తుందో పిల్లలకు తెలుసు. ఈ కోలబంతి మా గ్రౌండులో గులకరాయి మీద పడి ఒకసారి మొహం మీదికి లేస్తుంది, ఒకసారి కాళ్ళ సందులోంచి పోతుంది. నవ్వులే నవ్వులు. అసలు చిక్కు అక్కడ రాలేదు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. మా బడిలో అందరికంటే మంచి రైడర్‌కు అది మింగుడు పడలేదు. రైడర్ అంటే ఒంటరిగా పోయి ఒంటరిగా వచ్చే మనిషి కదా. బంతి దొరికిందంటే గీత వైపు ఒకటే పరుగు. ముగ్గురు చుట్టుముట్టినా తప్పించుకోవాలనే చూస్తుందిగానీ పక్కకు చూడదు. ఒకరోజు అలాగే మూలకు చిక్కుకుంది. వెనకాల నుంచి ఏడో తరగతి పిల్ల ‘అక్కా, ఇటు! ఇటు ఇయ్యి!’ అని గొంతు చించుకుని అరిచింది. ఈమె తల కూడా తిప్పకుండా బంతిని వెనక్కి తోసింది. ఆ చిన్నది అందుకుని గీత దాటేసింది. అప్పటినుంచి ఆ రైడర్ పరుగెత్తేటప్పుడు భుజం మీదుగా వెనక్కి చూడటం నేర్చింది.

టాకిల్ కాడ ఇంకో తమాషా ఉంది. కబడ్డీలో కాలు పట్టిందంటే విజిల్ పడేదాకా వదలొద్దని మేమే నేర్పిస్తాం. యాంకిల్ హోల్డ్ పట్టిన పిల్ల చెయ్యి ఉడుంపట్టు. రగ్బీలో నడుము కింద రెండు చేతులూ చుట్టి పడగొట్టాలి, తల పక్కకు పెట్టాలి, భుజం కంటే పైన అస్సలు తగలకూడదు. అంతవరకు మా పిల్లలు ఇట్టే పట్టేశారు. కానీ ఎదుటి మనిషి కింద పడగానే వదిలేయాలి, వదలకపోతే పెనాల్టీ. ఈ వదిలేయడం నేర్పడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. మెత్తని గడ్డి లేదు కాబట్టి పూర్తి టాకిల్ మా గ్రౌండులో ఆడించను. పాత పరుపుల మీద, మోకాళ్ళ మీద నిలబెట్టి నేర్పుతాను. అదే సరైన పద్ధతి కూడా.

ఇక ఈ ఆటలో మన దేశపు అమ్మాయిలు ఎక్కడున్నారో చూడండి. భారత మహిళల జట్టు పదిహేను మంది ఆడే రగ్బీలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది 2018లోనే. 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి మొదటి గెలుపు సాధించింది. మ్యాచ్ చివర్లో పెనాల్టీ కిక్ కొట్టి గెలిపించిన సుమిత్రా నాయక్‌ది ఒడిశా. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదువుకుంది. అది ఆదివాసీ పిల్లలకు తిండి, బస పెట్టి చదివించే రెసిడెన్షియల్ బడి. అక్కడి నుంచి అమ్మాయిలు వరసగా భారత జట్టులోకి వస్తున్నారు. బీహార్‌లో పట్నా దగ్గర బాఢ్‌కు చెందిన స్వీటీ కుమారి తన వేగంతో ఆసియాలోనే పేరు తెచ్చుకుంది. 2025 ఆగస్టులో రాజ్‌గిర్‌లో అండర్-20 ఆసియా సెవెన్స్ పోటీలు పెట్టారు. మన అమ్మాయిలు కాంస్యం గెలిచారు. ఏడుగురు ఆడే సెవెన్స్ 2016 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది.

ఒడిశా, బీహార్. డబ్బున్న రాష్ట్రాలని ఎవరూ అనని రెండు రాష్ట్రాలు. ఒడిశాలో చేసింది ఒక రెసిడెన్షియల్ బడిలో బంతి పెట్టి, నేర్పే మనిషిని పెట్టి, పిల్ల పెద్దదయ్యాక కూడా అక్కడే ఉండి ఆడనివ్వడం. రెసిడెన్షియల్ బడులు మనకు లేవా? సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బీసీ, మైనారిటీ గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లలు ఉండేది అక్కడే. గ్రౌండు అక్కడే ఉంది. రాత్రి బస్సు బాధ లేదు. ఇంటర్, కొన్ని చోట్ల డిగ్రీ కూడా ఆ గురుకులాల్లోనే ఉంది.

గురుకుల పిల్ల ఏం చేయగలదో ఈ రాష్ట్రానికి ఒకసారి తెలిసింది కూడా. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పిల్ల. కానీ రాయి ఎక్కడం నేర్చింది మన భువనగిరి గుట్ట మీద. మన ఉమ్మడి నల్లగొండ జిల్లా రాయి అది. ఆ రోజు గురుకుల సొసైటీ ఒక పిల్లను నమ్మింది. పర్వతారోహణ అంటే మన ఇళ్ళలో ఎవరికి తెలుసు అప్పుడు?

2025 జూన్‌లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఉంది. మగవాళ్ళ జట్టు. బాగుంది, ఆడనివ్వండి. మా ఆడపిల్లలు దాన్ని ఫోనులో చూసి ‘మనకు లేదా మేడం?’ అని అడిగారు. ఆ ప్రశ్న మీ దాకా చేర్చడం నా బాధ్యత.

అయ్యా, అమ్మా, నేను స్టేడియం అడగడం లేదు. మొదట పీఈటీలకు శిక్షణ ఇప్పించండి, అందులోనూ ముందు మహిళా పీఈటీలకు. ప్రపంచ రగ్బీ సంస్థ లెవల్ వన్ కోచింగ్ కోర్సులు ఉన్నాయి, మన దేశంలో రగ్బీ ఇండియా ఈ ఆటను చూసుకుంటోంది. వేసవి సెలవుల్లో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒక కోర్సు పెట్టించండి. నేర్పడం రానివాళ్ళు టాకిల్ ఆడిస్తే పిల్లలకు దెబ్బలు తగులుతాయి. నాకు ఈ ఆట మీద ఎంత ప్రేమ ఉన్నా ఆ మాట దాచను. లిజా బర్జెస్ లాంటి మనిషి బడిలో ఉండటం వల్లే అల్ఫాన్సీ దొరికింది. మన కబడ్డీ జాతీయ క్రీడాకారిణులు ఎంతమంది ఇవాళ ఉద్యోగం లేక కుట్టు మిషన్ తొక్కుతున్నారో మీరు ఒకసారి ఆరా తీయించండి. పీఈటీ పోస్టులు ఖాళీగా ఉన్న బడులకు వాళ్ళను కనీసం కోచ్‌లుగా పంపవచ్చు.

రెండోది, పదో తరగతి తర్వాత సంగతి. నా లేఖలో ఏది మరిచినా ఇది మరవకండి. నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలో, మహబూబ్‌నగర్ స్టేడియంలో, దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ లాంటి చోట్ల కాలేజీ గ్రౌండుల్లో, వారంలో మూడు సాయంత్రాలు ఆడపిల్లల కోసం కేటాయించండి. బడి మానేసిన పిల్ల, పెళ్ళయిన పిల్ల కూడా వచ్చి ఆడవచ్చని బోర్డు మీద రాయించండి. ఆ సాయంత్రాలకు సరిపడా ఒక బస్సు ఆలస్యంగా నడపమని డిపో మేనేజర్లను మీరు అడిగితే వింటారు, నేను అడిగితే అర్జీ ఫైలులో ఉండిపోతుంది. ఉండిపోయింది కూడా. ఒక కార్యాలయంలో నా అర్జీ తీసుకున్న ఆయన ‘ఆడపిల్లలకు రగ్బీ ఎందుకమ్మా, త్రోబాల్ ఆడించరాదా’ అన్నారు. ఆయన మీద కోపం లేదు. అల్ఫాన్సీ కథ ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ప్రారంభించారు. మా చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో బోర్డు ఉంది, తుమ్మచెట్లు మొలిచాయి. ఉపాధి హామీ పనిలో పెట్టి వాటిని చదును చేయించి, రాళ్ళు ఏరిస్తే ట్యాగ్ రగ్బీకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఊళ్ళోనే ఆడితే తల్లులు కూడా వచ్చి చూస్తారు. చూస్తే భయం సగం పోతుంది.

తిండి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని ఇందాక చెప్పిన సర్వేలోనే ఉంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చి సాయంత్రం ప్రాక్టీసులో కళ్ళు తిరిగి కూర్చునే పిల్లలు నాకు తెలుసు. ఆడే పిల్లలకు ప్రతి టర్మ్‌లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, ప్రాక్టీసు ఉన్న రోజు సాయంత్రం ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, బెల్లం ఇప్పించండి. పల్లీ పండే జిల్లాలు మనవి.

దెబ్బల సంగతి. తల్లులు నన్ను అడిగే మొదటి మాట ఇదే: ‘కాలో చెయ్యో ఇరిగితే రేపు పిల్లనెవరు చేసుకుంటరు మేడం?’ ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆమె భయం ఆమెది. రగ్బీలో దెబ్బలు తగలవని నేను ఆమెకు అబద్ధం చెప్పను. స్కారట్ మెడకే ఆపరేషన్ అయింది. అందుకే ఒక పద్ధతి కావాలి: టాకిల్ ఆడే ప్రతి పిల్లకు మౌత్‌గార్డు, గ్రౌండులో ఫస్ట్ ఎయిడ్ వచ్చిన మనిషి, ఇన్సూరెన్సు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ పిల్లను ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, డాక్టరు చూసి సరే అనేదాకా ప్రాక్టీసుకు కూడా రానివ్వకూడదు. ప్రపంచమంతా పాటించే నియమం ఇది. దీన్ని రాతపూర్వకంగా ప్రతి బడికీ పంపండి. అప్పుడు నేను ఆ తల్లి ముందు కూర్చుని ధైర్యంగా మాట్లాడగలను.

చివరగా ఉద్యోగం సంగతి. తండ్రులు అడిగే మాట అది. ‘ఆడితే నౌకరి వస్తదా?’ స్పోర్ట్స్ కోటాలో ఏ ఆటకు, ఏ స్థాయి సర్టిఫికెట్టుకు ఎంత విలువ ఉందో తెలుగులో ఒక కాగితం మీద స్పష్టంగా ముద్రించి, ప్రతి హైస్కూలు నోటీసు బోర్డు మీద పెట్టించండి. రగ్బీ అందులో ఎక్కడుందో కూడా రాయించండి. ఆ కాగితం చూపిస్తే నలుగురు తండ్రుల్లో ఇద్దరు పిల్లను ఇంకో రెండేళ్ళు ఆడనిస్తారు. ఆ రెండేళ్ళలో పిల్లకు పద్దెనిమిది దాటుతుంది. ఇంతకంటే వివరంగా చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ఉమ్మడి జిల్లాకు ఐదేసి ఆడపిల్లల గురుకులాలను, వాటి పక్కనున్న ఐదేసి జిల్లా పరిషత్ హైస్కూళ్ళను ఎంపిక చేసి, అక్కడి పీఈటీలకు శిక్షణ ఉత్తర్వులు ఇవ్వండి. గురుకుల పిల్లలతో పాటు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు కూడా ఆ గ్రౌండుల్లో సాయంత్రం ఆడుకునేలా ప్రిన్సిపాళ్ళకు ఒక మెమో పంపండి. ఈ ఏడాది పదో తరగతి రాస్తున్న మా కబడ్డీ పిల్లల పేర్లు, ఊళ్ళు, వాళ్ళు ఇంటర్ ఎక్కడ చదవాలనుకుంటున్నారో రాసి జాబితా తయారు చేశాను. మీ ఆఫీసుకు ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్ వ్యాయామ ఉపాధ్యాయురాలు